ఎర్ర రంగు అయిపోయిందా?

చిట్టీ, బుజ్జిగా,

ఎర్ర రంగు సీసా అయిపోయిందనీ, ఒకటో తారీఖు దాకా అమ్మ కొననందనీ, సూర్యుడి బొమ్మ సగంలో ఆగిపోయిందనీ ఫోన్లో ఏడుపు గొంతుతో చెప్పారు కదా. ఎర్ర రంగు మీ వంటింట్లోనే ఉంది. పసుపు డబ్బాలో!

నవ్వకండి. చెంచాడు పసుపు నీళ్లలో కలపండి. కిళ్లీ కొట్టు సున్నం తెప్పించి, అమ్మ చేతే చిటికెడు వేయించండి. మీరు ముట్టుకోవద్దు, చేతులు మండుతాయి. వేసీ వేయగానే ఎర్రబడుతుంది. పిన్ని పెళ్లిలో కాళ్లకు పెట్టిన పారాణి, హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు, అన్నీ ఇవే.

ఎందుకు మారుతుందంటారా? పసుపు మీ నానమ్మ లాంటిది. నీళ్లలో వేసినా నూనెలో వేసినా, పప్పులో పడినా పులుసులో పడినా సర్దుకుపోతుంది. సున్నం నాలాంటిది. నేను బీపీ మాత్ర వేసుకోలేదని తెలిసిందో, నానమ్మ మొహం ఎర్రగా అయిపోతుంది. ఇప్పుడు అందులో నిమ్మకాయ పిండండి, మళ్లీ పచ్చబడుతుంది. ఆ నిమ్మకాయ మీరే. సున్నం మరీ ఎక్కువైతే ఒక చెక్క చాలదు, రెండోదీ పిండాలి. అందుకే సెలవులకి ఇద్దరూ కలిసి రండి. (ఈ ముక్క నానమ్మకి చదివి వినిపించకండి.)

మా చిన్నప్పుడు రంగుల సీసాలెక్కడివి! పొయ్యిలో బొగ్గు, విరిగిన పెంకు, చిక్కుడాకు పసరు. దొడ్లో తీగబచ్చలి పండ్లు చిదిమితే ఊదా సిరా. ఓసారి ఆ పండ్లు జేబులో వేసుకుని మర్చిపోయి బోర్లా పడుకున్నాను. పండక్కి కుట్టించిన కొత్త చొక్కా! అమ్మ వీపు మీద రెండు వేసింది. మా అన్నయ్య ఆ మరక చూసి "ఏనుగులా ఉందే" అన్నాడు. అమ్మ కోపం మర్చిపోయి, "తొండం ఏదిరా?" అంటూ చొక్కా అటూ ఇటూ తిప్పింది.

పెద్దయ్యాక శ్రీకాళహస్తిలో కలంకారీ వేయడం చూశాను. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. దాన్ని కసిమి అంటారు. కుండలో ఉన్నప్పుడు అదంత నలుపు కాదు. కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డకి తగిలాకే చిక్కగా నల్లబడుతుంది. ఆ పనిచేసే ఆయన జుట్టంతా తెల్లబడింది. అయినా గీత గీశాక కలం ఎత్తి, ఓ క్షణం దానికేసి చూసుకుని గానీ రెండో గీతకి వెళ్లడు. మీరేమో బొమ్మ వంకరగా వచ్చిందని చింపేస్తారు. చింపకండర్రా, కాసేపు చూడండి.

ఈసారి సున్నం లేకుండా, ఉత్త పసుపుతో ఇద్దరు సూర్యుళ్లని వేయండి. ఒకణ్ణి పుస్తకంలో దాచండి. రెండోవాణ్ణి ఎండ పడే కిటికీలో అతికించండి. వారం తర్వాత ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి, పైనున్న సూర్యుడు ఏం చేశాడో నాకు రాయండి. నేను ముందే చెప్పను.

మీ తాతయ్య