పొట్ట లేని గుర్రం

సముద్రపు గుర్రం తినేటప్పుడు ఒక్కసారి దగ్గరగా చూడండి. తోకతో ఏ సముద్రపు గడ్డిపోచనో చుట్టుకుని నిలబడి ఉంటుంది. ఒక కన్ను రొయ్యపిల్ల మీద ఉంటే రెండోది ఇంకెటో చూస్తుంటుంది, ఎందుకంటే దాని కళ్లు విడివిడిగా తిరుగుతాయి. మెల్లగా తల వంచి, గొట్టంలాంటి మూతిని రొయ్యపిల్ల దగ్గరకు తెస్తుంది. కాసేపు కదలదు. తర్వాత టిక్కుమని చిన్న చప్పుడు, రొయ్యపిల్ల మాయం! నీళ్లతో సహా లోపలికి పీల్చేసుకుంటుంది. రెప్పపాటు కంటే తక్కువ సమయంలో జరిగిపోతుంది కాబట్టి ఎన్నిసార్లు చూసినా మన కంటికి అందదు.

నమలడానికి దానికి పళ్లు లేవు. తిన్నది నిలవుంచుకోవడానికి జీర్ణాశయం కూడా లేదు. లోపలికి వెళ్లింది నేరుగా పేగులోకి పోయి, తొందరగానే బయటికి వచ్చేస్తుంది. ఇంట్లో వీటిని పెంచాలనుకుంటే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. దాదాపు అన్ని జాగ్రత్తలూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

పెద్దవాటికి రోజుకు రెండు మూడుసార్లు తిండి పెట్టాలి. మామూలుగా వాడేది ఫ్రోజెన్ మైసిస్ రొయ్యలు, అంటే రొయ్యల్లా ఉండే చిన్న జీవులు, మంచు కరిగించి వేస్తారు. సముద్రంలో పట్టి తెచ్చిన గుర్రాలు చాలావరకు కదిలే ఎరనే తిండిగా గుర్తిస్తాయి. కదలని రొయ్య ముందున్నా ముట్టుకోక చిక్కిపోతాయి. అందుకే హేచరీలో పుట్టి, ఫ్రోజెన్ తిండికి అలవాటుపడ్డవే కొనండి. డబ్బు కట్టేముందు మీ కళ్లెదుట తినిపించమని అడగండి, మొహమాటపడొద్దు. సముద్రంలోనూ వీటి పరిస్థితి బాగాలేదు. అందుకే 2004 నుంచి అన్ని జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ అనే, వన్యజీవుల వ్యాపారాన్ని అదుపుచేసే దేశాల మధ్య ఒప్పందం నియంత్రణ ఉంది. కొత్తవాళ్లు చాలామంది హిప్పోక్యాంపస్ ఎరెక్టస్ అనే జాతితో మొదలుపెడతారు.

ఇన్నిసార్లు తింటే నీళ్లూ అంత తొందరగా పాడవుతాయి. మిగిలిపోయిన తిండి, విసర్జన కుళ్లి అమోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో, రాళ్లలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అప్పటిదాకా ట్యాంక్ ఖాళీగానే ఉండనివ్వండి. ఓపిక పట్టలేక ముందే తెచ్చేస్తే నష్టపోయేది ఆ మూగజీవే. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే తీసుకురండి. వచ్చాక కూడా అడుగున పడ్డ తిండిని రోజూ సైఫన్ గొట్టంతో లాగేయాలి. ఉష్ణోగ్రత 22–24 డిగ్రీల సెల్సియస్ మించకుండా చూడండి. నీళ్లు వేడెక్కితే వీటికి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా విజృంభిస్తుంది.

ట్యాంక్ వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. జతకట్టేటప్పుడు ఆడ, మగ కలిసి నిట్టనిలువుగా పైకి ఈదుతాయి. తోక చాపిన గుర్రం పొడవుకు కనీసం మూడు రెట్ల ఎత్తు కావాలి. ఒక జంటకు వంద లీటర్లు దాటిన ట్యాంక్ అయితే టెన్షన్ తగ్గుతుంది. చుట్టుకోవడానికి కృత్రిమ మొక్కలైనా సరే, కానీ హీటర్‌కు తొడుగు తప్పనిసరి. తోక దేన్నైనా చుట్టేస్తుంది, కాలేదాకా వదలదు. పంపు నీళ్లు లాగే చోట స్పాంజి కట్టండి.

చురుకైన చేపలను తోడు పెట్టొద్దు. గుర్రం ఆలోచించుకునేలోపు అవి తిండంతా ఊడ్చేస్తాయి. పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులు సీ అనిమోన్లు కుడతాయి, పీతలు తోక పట్టుకుంటాయి. చిన్న నత్తలతో గొడవ లేదు.

జంట సంతోషంగా ఉంటే ఓ రోజు మగదాని పొట్ట కింది సంచి ఉబ్బి కనిపిస్తుంది. గర్భం మోసేది అదే. రెండు మూడు వారాల తర్వాత వందల పిల్లలు బయటికి వస్తాయి. ఒక్కొక్కటి సెంటీమీటరు అటూఇటూ ఉంటుంది. వాటికి మైసిస్ పట్టదు, అప్పుడే గుడ్లలోంచి వచ్చిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటిలో బతికే బుల్లి రొయ్యలాంటి జీవి) లాంటి సన్నని తిండి రోజంతా అందుబాటులో ఉండాలి. వాటికీ జీర్ణాశయం లేదు మరి. పిల్లలను పెంచాలనుంటే, సంచి ఉబ్బడం చూసిన రోజే బ్రైన్ ష్రింప్ గుడ్లు తెచ్చి పొదిగించడం నేర్చుకోండి.