మూలుగ మార్పిడికి ముందు లివర్ సంగతి

మన హైదరాబాద్‌లో ఎవరింట్లోనైనా బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అని తెలిసిందో లేదో, ఒకరు తిప్పతీగ కషాయం, ఇంకొకరు నేల ఉసిరి పసరు పట్టుకుని వచ్చేస్తారు, "లివర్‌కి మంచిదట" అంటూ. ప్రేమతోనే తెస్తారు, కాదనను. కానీ ఆ రోజుల్లో డాక్టర్ రాయనిదేదీ నోట్లో పడకూడదు. తిప్పతీగ వాడినవాళ్లకి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లోనే బయటపెట్టారు.

అసలు భయమంతా కండిషనింగ్‌తో. కొత్త మూలుగకు చోటు చేయడానికి పాతదాన్ని భారీ కీమోతో ఖాళీ చేస్తారు. అందులో ఎక్కువగా వాడే మందు బుసల్ఫాన్, దాన్ని వదిలించుకోవడానికి లివర్ తన దగ్గరున్న, విషాల్ని విరిచే గ్లూటాథయోన్‌ని ఖర్చుపెడుతుంది. వెనకే సైక్లోఫాస్ఫమైడ్ అనే ఇంకో కీమో మందు ఎక్కిస్తే దాన్నుంచి ఆక్రోలీన్ అనే విషం పుడుతుంది, దీన్ని అణచాలన్నా అదే గ్లూటాథయోన్ కావాలి, అదేమో అప్పటికే అడుగంటి ఉంటుంది. దాంతో లివర్‌లోని సన్నటి రక్తనాళాల లోపలి పొర ఊడి దారి మూసుకుపోతుంది, రక్తం వెనక్కి తన్నుతుంది, లివర్ ఉబ్బుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. వార్డులో దీన్ని వీఓడీ అంటారు.

ఒకప్పుడు బుసల్ఫాన్ మాత్రలుగానే ఉండేది, ఒంట్లోకి ఎంత చేరేదో మనిషి మనిషికీ తేడా. ఇప్పుడు సెలైన్‌లా ఎక్కిస్తారు, వీలున్నచోట రక్తంలో మందు ఎంతుందో కొలిచి తర్వాతి డోసు సరిచేస్తారు. సైక్లోఫాస్ఫమైడ్ బదులు ఫ్లుడారబిన్ వాడటమూ పెరిగింది. లివర్‌ని కాపాడేందుకు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర ఎటూ ఉంటుంది. జ్వరానికి మనం అలవాటుగా మింగే పారాసెటమాల్ కూడా అదే గ్లూటాథయోన్‌ని తింటుంది, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ బుసల్ఫాన్ మోతాదును రక్తంలో పెంచేస్తుంది. అందుకే సొంత వైద్యం వద్దనేది.

పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకీ ఈ ట్రాన్స్‌ప్లాంట్ చేస్తారు, వాళ్ల లివర్ కథ ఇంకా ముందే మొదలవుతుంది. శివరాంపల్లిలోని తలసీమియా సొసైటీకి నెలనెలా రక్తం కోసం వచ్చే పిల్లల్ని చూడండి: ఒక్కో బ్యాగుతో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ లోపలికి పోతుంది, దాన్ని బయటకు పంపే దారి ఒంటికి లేదు, వెళ్లి లివర్‌లో కూర్చుంటుంది. ఇటలీలోని పెసారో డాక్టర్లు ట్రాన్స్‌ప్లాంట్ రిస్కుని లెక్కగట్టింది కూడా లివర్ సైజు, అందులోని మచ్చ, ఐరన్ తీసే మందు క్రమం తప్పకుండా వాడారా లేదా అన్నవాటితోనే. ఐరన్ తీయడానికి రోజూ మింగే డెఫెరాసిరాక్స్ మాత్ర పిల్లాడికి విసుగే, కానీ నా దృష్టిలో అసలైన లివర్ టానిక్ అదే.

వార్డులో చేరాక రోజూ బరువు చూస్తారు, టేపుతో పొట్ట చుట్టుకొలతా తీస్తారు. 20 కిలోల పిల్లాడు కిలో పెరిగితే ఇంట్లోవాళ్లు ఒళ్లు చేశాడని సంబరపడతారు, సిస్టర్ మాత్రం వెంటనే డాక్టర్‌కి ఫోన్ కొడుతుంది. బరువు 5 శాతం పెరిగినా వీఓడీ అని అనుమానించాలి మరి, పైగా పిల్లల్లో కామెర్లు కనిపించకుండానే వీఓడీ రావచ్చు. ముదిరిన వీఓడీకి డెఫైబ్రోటైడ్ అనే మందుంది, పంది పేగుల నుంచి తీస్తారు, అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, ఖరీదు చాలా ఎక్కువ. ముందుజాగ్రత్తగా ఇస్తే వీఓడీ రాకుండా ఆపుతుందేమోనని పెద్ద ట్రయల్ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు.