అంతరిక్ష నివాసాలకు సింథటిక్ బయాలజీ: విద్యార్థుల్లో అపోహలు - వాస్తవాలు

సింథటిక్ బయాలజీ గురించి, అంటే జీవుల జన్యువులను మార్చి మనకు కావాల్సినవి వాటితో తయారుచేయించడం గురించి, విద్యార్థులతో మాట్లాడటానికి వెళ్లినప్పుడల్లా రెండు పెద్ద ఫొటోలు పట్టుకెళ్తాను. జన్యువులు మార్చిన జీవులను ల్యాబ్ దాటించకూడదు కాబట్టి ఫొటోలే. మొదటి దాంట్లో పెట్రి డిష్ నిండా నారింజ రంగు చుక్కలు. అది పిండిని పొంగించే ఈస్టే. బీటా కెరోటిన్ తయారుచేసే జన్యువులు చేర్చడంతో ఆ రంగు వచ్చింది. బీటా కెరోటిన్ నుంచి మన శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. ఆ ఫొటో చూపించగానే ప్రశ్నలు మొదలవుతాయి.

అపోహ: అంగారకుడి మీద సూక్ష్మజీవులను చల్లితే అవే గాలిని తయారుచేస్తాయి.

వాస్తవం: అక్కడి గాలి పీడనం మన దగ్గరి దానిలో 1 శాతం కూడా లేదు. మట్టిలో జీవులకు హాని చేసే పెర్‌క్లోరేట్ లవణాలు ఉన్నాయని 2008లో అక్కడ దిగిన నాసా ఫీనిక్స్ ల్యాండర్ గుర్తించింది. పైగా ఇతర గ్రహాలను హానికరంగా కలుషితం చేయకూడదని 1967 నాటి అంతరిక్ష ఒప్పందం చెబుతోంది. అందుకే ఈ రంగంలో పనంతా మూత బిగించిన బయోరియాక్టర్లలోనే, అంటే సూక్ష్మజీవులను పెంచే పాత్రల్లోనే. జర్మనీలోని బ్రెమెన్ పరిశోధకులు అనబీనా అనే సయనోబ్యాక్టీరియాను (మొక్కల్లా వెలుతురుతో ఆక్సిజన్ తయారుచేసే బ్యాక్టీరియా) మన గాలి పీడనంలో పదో వంతులో, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ మాత్రమే ఇచ్చి పెంచగలిగారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి.

అపోహ: ఇదంతా ఇంకా కాగితాల మీదే ఉంది.

వాస్తవం: కాదు. 2019లో నాసా బయోన్యూట్రియెంట్స్ ప్రయోగం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మొదలైంది. ఎండబెట్టిన ఈస్ట్ ప్యాకెట్‌లో నీళ్లు పోసి, 48 గంటలు వెచ్చగా ఉంచితే పోషకం తయారవుతుంది. విటమిన్లు నిల్వలో పాడవుతాయి. అంగారకుడికి మంచి ప్రయాణ అవకాశం సుమారు 26 నెలలకోసారి వస్తుంది. కాబట్టి అప్పటికప్పుడు తయారుచేసుకోవడమే మేలు.

అపోహ: జన్యువు చేర్చితే పని అయిపోయినట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. ఇక్కడే రెండో ఫొటో తీస్తాను. అదే ఈస్ట్, కొన్ని వారాల పాటు మళ్లీ మళ్లీ కొత్త పోషక ద్రావణంలోకి మార్చాక తీసినది. నారింజ చుక్కల మధ్య తెల్లవి, అక్కడక్కడా కాస్త పెద్దవి. బీటా కెరోటిన్ తయారుచేయడం ఈస్ట్‌కు ఖర్చు. దానివల్ల కణానికి ఒరిగేదేమీ లేదు. పొరపాటున ఆ జన్యువు పోగొట్టుకున్న కణం ఆ భారం తగ్గి, తొందరగా పెరుగుతుంది. చూస్తుండగానే దాని సంతానమే మిగతావాటిని మించిపోతుంది. భూమి మీదైతే డిష్ పారేసి మళ్లీ మొదలుపెడతాం. అంగారకుడి మీద ఆ తెల్ల చుక్కలంటే మనుషులకు విటమిన్ లేనట్టే.

అందుకే ప్రతిసారీ ఎండబెట్టిన లేదా గడ్డకట్టించిన అసలు నిల్వ నుంచే మొదలుపెడతాం. జన్యువును ప్లాస్మిడ్‌లో (కణంలో విడిగా ఉండే, తేలిగ్గా పోయే చిన్న డీఎన్‌ఏ వలయంలో) వదిలేయకుండా క్రోమోజోమ్‌లోనే కుదురుస్తాం. వీలైతే, అది పోతే కణం బతకలేని విధంగా ముడిపెడతాం. ఇవేవీ పూర్తి పరిష్కారాలు కావు.

అపోహ: ఇది పీహెచ్‌డీ చేసినవాళ్ల పని.

వాస్తవం: అంతరిక్షంలో తొలిసారి క్రిస్పర్ (డీఎన్‌ఏను కావాల్సిన చోట కత్తిరించే సాధనం) వాడిన 2019 ప్రయోగం నలుగురు స్కూలు విద్యార్థుల ఆలోచన. ఈమధ్య రెండో ఫొటో చూసి ఒకమ్మాయి, "రంగు ఉంది కాబట్టి తెలిసింది. రంగులేని మందు తయారుచేసే కణం ఇలాగే మోసం చేస్తే ఎలా పట్టుకుంటారు?" అని అడిగింది. మేం ల్యాబ్‌లో ఇప్పుడు కుస్తీ పడుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నతోనే.