లక్సర్ మట్టి గోడల వెనక కథ

2021 ఏప్రిల్ 8న ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త జాహీ హవాస్ లక్సర్ దగ్గర ‘పోయిన బంగారు నగరం’ దొరికిందని ప్రకటించారు. పేరు విని నిధినిక్షేపాలు ఊహించుకుంటే నిరాశే. బయటపడింది పచ్చి ఇటుకల ఊరు. కొన్నిచోట్ల గోడలు మూడు మీటర్ల ఎత్తు దాకా నిలిచే ఉన్నాయి. నిజానికి 2020 సెప్టెంబరులో తవ్వకం మొదలుపెట్టింది ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ ఆలయం దొరుకుతుందేమోనని.

ఈజిప్టులో రాతి గుళ్లకు, సమాధులకు కొదవ లేదు. ఊళ్లే అరుదు. రాజభవనంతో సహా నివాసాలన్నీ పచ్చి ఇటుకలతోనే కట్టేవారు. నైలు వరదలకు కొన్ని కరిగిపోయాయి, కొన్నిటి మీద కొత్త ఊళ్లు లేచాయి. మిగిలిన దిబ్బల్ని రైతులు ఎరువు కోసం తవ్వుకుపోయారు, మన పల్లెల్లో పాటిమన్ను పొలాలకు తోలుకున్నట్టే. అందుకే 1889లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్విన కాహూన్, 1922 నుంచి బెర్నార్ బ్రూయేర్ తవ్విన డెయిర్ ఎల్-మెదీనా లాంటి పనివాళ్ల ఊళ్లకు అంత విలువ.

‘పోయిన’ అన్న మాట మీదా పేచీ ఉంది. 1930ల్లోనే ఫ్రెంచి బృందం ఈ ప్రాంతంలో ఇళ్లు తవ్వింది. పక్కనే మాల్కటాలో మూడో అమెన్‌హొటెప్ రాజభవనం ఉన్న సంగతీ ఎప్పుడో తెలుసు. కాబట్టి ఇక్కడ పనివాళ్లుండే పేట ఉండటం వింత కాదు, ఇంత చెక్కుచెదరకుండా మిగలడమే వింత.

ఇటుకల మీద ఆ రాజు ముద్రే ఉంది. రొట్టెలు కాల్చిన పొయ్యిలు, పాము మెలికల్లా సాగే గోడలు, మధ్యలో ఒక కుండ. అందులో పది కిలోల దాకా ఎండిన మాంసం. పైన రాత: 37వ ఏడు, మూడో హెబ్-సెడ్ ఉత్సవానికి, ఖా దొడ్డి కబేళా నుంచి, కసాయి లువీ తయారీ. హెబ్-సెడ్ అంటే రాజు పాలనను పండగలా జరుపుకునే వేడుక. రాజు విందు సరే, మూడు వేల మూడొందల ఏళ్ల తర్వాత కసాయి పేరు కూడా మనకు తెలియడం నాకు మరీ నచ్చింది.

ఆ వేడుక అయిన కొద్ది కాలానికే అమెన్‌హొటెప్ పోయాడు. కొడుకు అఖెనాటెన్ పాత దేవుళ్లను పక్కనపెట్టి, సూర్యబింబం ఆటెన్‌నే కొలిచి, ఉత్తరాన ఇప్పటి అమర్నాలో కొత్త రాజధాని కట్టాడు. టుటన్‌ఖామున్ హయాంలో దర్బారు ఆ ఊరిని వదిలేసింది. లక్సర్ దగ్గరి ఈ పేటను మధ్యలో ఖాళీ చేశారా, లువీ లాంటివాళ్లు ఇక్కడే ఉండిపోయారా అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.