ఆయన ఉప్పు తిన్న వీధి

బరంపురం

మా వీధి చిరంజీవులకు మాస్టారు తాతగారు ఆశీర్వదించి రాయునది.

రోజూ సాయంత్రం మా అరుగు మీదే తెలుగు అక్షరాలు దిద్దుకునే మీకు మళ్లీ ఉత్తరం ఎందుకని అనుకుంటారేమో. మొన్న మీరు అడిగిన ప్రశ్న ఒక్క పూటలో నోటితో చెప్పి తేల్చేది కాదు. పైగా బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివే మీకు ఇంత పొడుగు తెలుగు చదవడం మంచి సాధన. తెలియని మాట దగ్గర పెన్సిలుతో గీత గీసుకోండి, తరవాత చెబుతాను.

మీలో అందరికన్నా చిన్నవాడు అడిగాడు: “బాగా డబ్బున్నవాళ్లే మేయరు అయితే మంచిది కదా తాతగారూ? వాళ్లకు ఉన్నదే బోలెడు, ఇంక మన డబ్బు ఎందుకు తింటారు?” ఈ మాట వాడి సొంతం కాదని నాకు తెలుసు. బడా బజారులో కూరలు బేరమాడుతూ, గిరి రోడ్డులో టీ తాగుతూ పెద్దవాళ్లు అనే మాటే. ఉన్నవాడు తినడు, లేనివాడు గెలిస్తే ముందు తన అప్పులు తీర్చుకుంటాడు అంటారు. 2022లో మన ఊళ్లో మొదటిసారి మేయరును మనమే నేరుగా ఎన్నుకున్నాం. అంతకుముందు గెలిచిన కార్పొరేటర్లు ఎన్నుకునేవారు. అప్పటి నుంచి ఈ మాట నా చెవిన మరీ ఎక్కువగా పడుతోంది. మీకు ఓటు వచ్చేలోపు దీన్ని ఒకసారి తిరగేసి చూడాలి.

ముందు మన వీధి కథ చెబుతాను. అప్పటికి మీలో ఎవరూ పుట్టలేదు.

ఒక వేసవిలో కుళాయిలు ఎండిపోతే, ఊళ్లో పేరున్న ఒక ధనవంతుడు మన వీధికి నీళ్ల ట్యాంకరు పంపించాడు. ట్యాంకరు వెనక పసుపు రంగుతో ఆయన పేరు, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. తెల్లవారుజామున అయిదింటికి హారను మోగగానే ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తేవారు. రబ్బరు గొట్టం పట్టుకుని నింపే కుర్రవాడు ఒక్క పైసా అడిగేవాడు కాదు. రెండు వేసవులు ఆ నీళ్లే తాగాం. మూడో ఏడు ఆయన మా వార్డు నుంచి నిలబడి గెలిచాడు. ఆ వానాకాలానికి వీధి చివర ఉన్న ఆయన గోదాము ప్రహరీ గోడ ముందుకు జరిగి మురుగు కాలువ మీదకు వచ్చింది. కాలువ వెడల్పు సగమైంది. మొదటి పెద్ద వానకే నల్లనీళ్లు మా గడపలు దాటి వంటింట్లో పొయ్యి దాకా వచ్చాయి.

నేను అర్జీ రాసి ఇంటింటికీ తిరిగాను. చదివినవాళ్లందరూ నిజమేనన్నారు, సంతకం మాత్రం ఒక్కరూ పెట్టలేదు. “ఆయన నీళ్లు తాగాం కదా మాస్టారూ, ఏ ముఖం పెట్టుకుని రాస్తాం?” అంది ఎదురింటి పెద్దమ్మ. ఆవిడను తప్పు పట్టలేను. నేనూ ఆ నీళ్లు తాగినవాణ్నే. ఆ కాగితాన్ని మడిచి ఇనప్పెట్టెలో పెట్టేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

పిల్లలూ, ఆయన మన సొమ్ము తిన్నాడో లేదో నాకు తెలియదు. తినలేదనే అనుకుందాం. కానీ మన వీధి ఆయన ఉప్పు తింది. ఉప్పు తిన్నచోట నోరు లేవదు. డబ్బున్నవాళ్లు ఊరి పాలనలోకి వచ్చినప్పుడు అందరం మొదటిదాన్నే చూస్తాం. నన్ను ఇన్నేళ్లుగా బాధపెడుతున్నది ఈ రెండోది.

చిన్న ఊళ్లోనే ఇలా జరుగుతుందనుకోకండి. న్యూయార్క్ నగరానికి మైకేల్ బ్లూమ్‌బెర్గ్ అనే ఆయన 2002 నుంచి 2013 చివరి దాకా 12 ఏళ్లు మేయరు. వ్యాపారులకు ఆర్థిక సమాచారం అందించే కంపెనీ పెట్టి అపారంగా సంపాదించినవాడు. మేయరుగా ఏడాదికి ఒక్క డాలరే జీతం తీసుకున్నాడు. ఉన్నవాడు తినడు అనేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మేలూ చేశాడు. 2003లో బార్లలో, హోటళ్లలో పొగతాగడం ఆపించాడు. అదే ఏడాది, ఊరివాళ్లు ఏ ఫిర్యాదు చేయాలన్నా 311 నంబరుకు ఫోను చేస్తే చాలనే ఏర్పాటు తెచ్చాడు.

ఇక రెండో వైపు చూడండి. ఎవరైనా వరసగా రెండు విడతలకు మించి మేయరుగా ఉండకూడదని ఆ ఊరి ఓటర్లే 1993లో నియమం పెట్టుకున్నారు. 1996లో మళ్లీ అదే మాట చెప్పారు. ఈయన రెండో విడత ముగింపుకు వస్తుండగా, 2008లో, నగర సభ 29 ఓట్లు ఇటు, 22 ఓట్లు అటుగా ఆ నియమాన్ని మార్చి మూడో విడతకు దారి ఇచ్చింది. ఓటర్లను అడగలేదు. ఆయన విరాళాలు అందుకునే సేవాసంస్థల్లో కొన్ని ఆ మార్పును సమర్థించాయి. సమర్థించమని మేయరు తరఫువాళ్లే అడిగారని పత్రికలు రాశాయి. ఆ సంస్థలవాళ్లు చెడ్డవాళ్లు కారు, మన ఎదురింటి పెద్దమ్మ లాంటివాళ్లే. 2009లో ఆయన 10 కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు ఖర్చు పెట్టి, అయిదు శాతం కన్నా తక్కువ తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాది ఓటర్లు పాత నియమాన్ని తిరిగి తెచ్చుకున్నారు.

ఆయన కాలంలోనే పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి సోదా చేయడం విపరీతంగా పెరిగింది. 2011 ఒక్క ఏడాదిలో 6 లక్షల 80 వేలకు పైగా సార్లు ఆపారు. ఆపినవాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. ఆ తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. ఆయన క్షమాపణ చెప్పింది 2019లో, అధ్యక్ష పదవికి పోటీ చేయబోయే ముందు. పదవిలో ఉన్నన్నాళ్లూ ఆ కుర్రవాళ్ల గోడు ఆయనకు చేరలేదు. జీతం వద్దన్నవాడు, ప్రచారానికి ఎవరి చందా అక్కరలేనివాడు ఎవరి మాట వినాలి? ఆ వినవలసిన అవసరమే డబ్బుతో తీరిపోతుంది. నాకు భయం కలిగించేది అదే.

మరి వాళ్లు ఎందుకు వస్తారు? కొందరు పేరు కోసం వస్తారు. వ్యాపారంలో గడించినవాడికి కూడా పేరు వీధి పలక మీద ఉంటేనే తృప్తి. కొందరు భూమి కోసం వస్తారు. కొత్త రోడ్డు ఎటు వేస్తారో, ఏ పొలం రేపు ఇళ్ల స్థలాలవుతుందో ముందుగా తెలిస్తే చాలు, ఖజానా మీద చేయి వేయనక్కరలేదు. కొందరు నిజంగానే ఊరి మీద ప్రేమతో వస్తారు, నేను చూశాను. ఒకే మనిషిలో ఈ మూడూ కలిసి ఉండటం కూడా చూశాను. అందుకే మనసు లోపల ఏముందో తవ్వడం నేను మానేశాను. చేసిన పని ఎవరి పేరున, ఎవరి ఖాతాలో జరిగిందో మాత్రం అడుగుతాను.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊరు ఉంది. జోసెఫ్ చాంబర్లేన్ మరమేకుల వ్యాపారంలో బాగా గడించి, 1873 నుంచి 1876 దాకా ఆ ఊరికి మేయరుగా ఉన్నాడు. అప్పుడు అక్కడ గ్యాసు, నీళ్లు ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉండేవి. బావుల్లోకి మురుగు దిగి పేదవాళ్లు రోగాలతో పోతుండేవారు. తన డబ్బుతో నాలుగు బావులు తవ్వించి పేరు చెక్కించుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. ఊరి పేరున అప్పు తెచ్చి రెండు గ్యాసు కంపెనీలను దాదాపు 20 లక్షల పౌండ్లకు, నీటి కంపెనీని 13 లక్షల 50 వేల పౌండ్లకు ఊరి చేతే కొనిపించాడు. గ్యాసు మీద వచ్చిన లాభం ఊరి పనులకు పోవాలన్నాడు, నీటి మీద మాత్రం లాభం చూడకూడదన్నాడు. మేయరు మారినా కుళాయి ఊరిదే. నీళ్లు రాకపోతే ఎవరైనా గట్టిగా అడగవచ్చు, ఎవరి ముఖమూ చూడనక్కరలేదు. ఆయన చేసినదంతా మంచని అనను. మురికివాడలు కొట్టించి మధ్యలో గొప్ప వీధి వేయించాడు. అక్కడ దుకాణాలు లేచాయి కానీ, ఇళ్లు పోయిన పేదవాళ్లకు తగినన్ని ఇళ్లు రాలేదు.

మన మద్రాసులో ఇంకా దగ్గరి కథ ఉంది. మన అని ఎందుకన్నానంటే, 1936లో ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మీ అమ్మలు పెళ్లిపట్టుచీరల కోసం చెన్నైలో టీ నగర్ వెళ్లి వచ్చారు కదా. ఆ ‘టీ’ త్యాగరాయ అనే పేరుకు పొట్టి రూపం. పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు, దేవాంగుల ఇంట పుట్టి మగ్గాల కార్ఖానా నడిపిన ధనవంతుడు. మన ఊళ్లో పట్టు నేసేవాళ్లకు ఈ సంగతి చెబితే కళ్లు మెరుస్తాయి. 1882 నుంచి సుమారు 40 ఏళ్లు మద్రాసు నగర సభలో సభ్యుడిగా ఉన్నాడు. ప్రభుత్వ అధికారి కాకుండా ఆ సభకు ఎన్నికైన మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ రోజుల్లో ఆస్తి ఉండి పన్ను కట్టగలిగినవాళ్లకే ఓటు, కనుక సభలో డబ్బున్నవాళ్లే తప్ప లేనివాళ్లు కనబడేవారు కాదు.

1920లో ఆయన అధ్యక్షుడిగా ఉన్న సభ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలి, తలకు రోజుకు ఒక అణా మించకూడదు. ఇక్కడే కాసేపు ఆగండి. ఒక బడి పిల్లలకు పెట్టడం ఆయనకు ఎంతలో పని? ఇంటి నుంచి గంగాళాలు పంపితే ఊరంతా చేతికి ఎముక లేని దాత అనేది. ఆయన ఆ అణాను కార్పొరేషన్ లెక్కల పుస్తకంలోకి ఎక్కించాడు. ఆ పూట తిన్న పిల్లవాడు ఎవరి ఉప్పూ తినలేదు, తన ఊరి అన్నం తిన్నాడు. బడికి వచ్చే పిల్లలు పెరిగారు, మరి కొన్ని బడులకూ అది పాకింది. ప్రాథమిక విద్య నిధుల్లోంచి ఈ ఖర్చు కుదరదని ప్రభుత్వం అడ్డుపెట్టడంతో 1925లో ఆగిపోయింది. ఆయన కన్నుమూసిందీ ఆ ఏడాదే. కానీ తీర్మానం కాగితం మీద ఉంది, చేసి చూపించిన పని కళ్ల ముందు ఉంది. 1956లో కామరాజ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా మొదలుపెట్టింది. 2001లో వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు దేశమంతటికీ చెప్పింది. మీ బడిలో మధ్యాహ్నం పళ్లెంలో వడ్డించే అన్నం, కూరముక్కలు వేసిన పప్పు డాల్మా ఆ వరసలోనివే. డాల్మా పలచగా ఉంటే మీ అమ్మ వెళ్లి హెడ్మాస్టరును నిలదీస్తుంది. ఎవరి ముఖమూ చూడదు.

ఆయనకు కీర్తి మీద ప్రీతి లేదని నేను అనలేను. నలభై ఏళ్లు ఒకే సభలో కూర్చున్నవాడికి కొంత ఉండే ఉంటుంది. అయినా 1920లో ఆయన పార్టీ గెలిచినప్పుడు ముఖ్యమంత్రి పదవి చేతికి అందివస్తే వద్దన్నాడు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1867లో పురపాలక సంఘంగా మొదలై 2008లో కార్పొరేషన్ అయింది. ఎన్నికల్లో నిలబడేవాళ్లు తమ ఆస్తులు, అప్పులు, కేసులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. ఆ కాగితం ఎవరైనా చూడవచ్చు. ఎంత ఉందో చూసి నోరు తెరవకండి, ఎక్కడ ఉందో చూడండి, కొత్త రోడ్డు పక్కనా, చెరువు గట్టునా అని. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని మన రాజ్యాంగంలో ఉంది. 2011 లెక్కల నాటికే మన జనాభా మూడున్నర లక్షలు దాటింది. అంటే వీధి మాట వినిపించడానికి ట్యాంకరు యజమాని దయ అక్కరలేదు.

ఆదివారం పొద్దున వచ్చేటప్పుడు మీ ఇంట్లో హోల్డింగ్ ట్యాక్స్, అంటే ఇంటి పన్ను, రసీదు అడిగి తీసుకురండి. అందులో ఏ అంకె దేనికో కూర్చుని చదువుదాం. నా పెట్టెలోని కాగితమూ తీస్తాను. అది తెలుగులో రాసింది. ఒడియా మీకు నాకన్నా బాగా వచ్చు కనుక కొత్తది మీరే రాయాలి. గోడ ఇంకా కాలువ మీదే ఉంది. మొదటి సంతకం నేను పెడతాను.

మీ మాస్టారు తాతగారు