సీఈఏ అంకె చూసి ఆయుష్షు లెక్కగట్టకండి

అపోహ: సీఈఏ (పెద్దపేగు క్యాన్సర్‌లో రక్తపరీక్షతో కొలిచే ఒక ప్రొటీన్) ఎక్కువుంటే ఇక మనిషి దక్కడు.

చెన్నైలో మా ఓపీకి నెల్లూరు, గూడూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే పెద్దపేగు క్యాన్సర్ కుటుంబాలు రోజూ ఇదే భయంతో వస్తాయి. "డాక్టర్ గారూ, నెట్‌లో చూశాం, ఇంత ఉంటే కష్టమంట కదా?" అని అడుగుతారు. ఇంకా బయాప్సీ రిపోర్టే వచ్చి ఉండదు.

వాస్తవం: ఆపరేషన్‌కి ముందు సీఈఏ 5 (మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో) దాటినవాళ్ళలో జబ్బు తిరగబెట్టే ముప్పు కొంత ఎక్కువే. కానీ అది వేలమందిని కలిపి చూసిన లెక్క, మీ నాన్నగారి జాతకం కాదు. ఏ స్టేజి, ఎన్ని లింఫ్ గ్రంథులకు పాకింది, లివర్‌కి చేరిందా, గడ్డ మొత్తం వచ్చేసిందా అన్నవి అంతకంటే చాలా ముఖ్యం. ముందు ఎక్కువగా ఉన్న సీఈఏ ఆపరేషన్ తర్వాత మామూలుకి దిగితే, మొదటినుంచీ మామూలుగా ఉన్నవాళ్ళకీ వీళ్ళకీ ఫలితాల్లో పెద్ద తేడా ఉండదు. దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, డిశ్చార్జి రోజునే చూసి బెంగపడొద్దు.

గూడూరు దగ్గర రైతు ఒకాయనకి జబ్బు పేగు దాటలేదు. ఆపరేషన్ తేదీ కూడా ఇచ్చాం. ఆయన కొడుకు రిపోర్టులో సీఈఏ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి బంధువులందరికీ వాట్సాప్‌లో పంపాడు. "ఇంకెందుకు కోయించడం" అని పెద్దలు తేల్చేశారు. పసరు మందు మొదలుపెట్టారు. నెలల తర్వాత పేగు మూసుకుపోయి, కడుపు ఉబ్బి, అర్ధరాత్రి అంబులెన్సులో వచ్చారు. ప్రాణం దక్కింది, కానీ మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టాల్సి వచ్చింది, అప్పటికే జబ్బు లివర్‌కి చేరింది. ఆ కుర్రాడికి నాన్నంటే ప్రాణం. అతనికి ధైర్యం చెప్పేవాళ్ళే లేకపోయారు. పుకారు పంచినవాళ్ళెవరూ ఆ రాత్రి ఆసుపత్రికి రాలేదు.

అంకె కాస్త పెరిగిందని వణికిపోయేవాళ్ళకి ఒక మాట. పొగతాగేవాళ్ళలో, లివర్ జబ్బు ఉన్నవాళ్ళలో సీఈఏ ఎక్కువగా ఉండొచ్చు. ఆక్సాలిప్లాటిన్ అనే మందుతో కీమో మొదలైన తొలి వారాల్లోనూ పెరగొచ్చు. ల్యాబ్ మారితే కిట్ మారుతుంది, కిట్ మారితే అంకె మారుతుంది. అందుకే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. పెరిగితే మళ్ళీ చేసి నిర్ధారించుకున్నాకే స్కాన్ మాట.

మిగతావి క్లుప్తంగా. సీఈఏ మామూలుగా ఉంటే క్యాన్సర్ లేనట్టు కాదు, దాన్ని విడుదల చేయని గడ్డలూ ఉంటాయి. మలంలో రక్తం పడుతుంటే కొలనోస్కోపీయే (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించాలి. సీబీసీ (రక్తకణాల లెక్క) నుంచి లెక్కకట్టే న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి, అంటే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి, చిన్న జ్వరానికీ, స్టెరాయిడ్ మాత్రకీ మారిపోతుంది; దాన్ని చూసి కూడా ఆయుష్షు లెక్కగట్టకండి. రక్తంలో ట్యూమర్ డీఎన్ఏ వెతికే పరీక్ష నిజంగా ఆశ కలిగిస్తోంది: 2022లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో రెండో స్టేజి వాళ్ళలో దాని ఆధారంగా నడిస్తే కీమో తీసుకున్నవాళ్ళు 28 శాతానికి బదులు 15 శాతమే అయ్యారు, జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు. ఖర్చు ఎక్కువ. అప్పుచేసి చేయించేముందు మీ ఆంకాలజిస్టుని అడగండి.

ఆపరేషన్ అయ్యాక మొదటి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకోసారి సీఈఏ చూపించుకోండి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో తీసుకురండి.