స్వర్ణముఖి నీళ్లు, పులికాట్ చేపలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ ఉప్పుటేళ్ల చేపల మీద పని చేస్తానంటే చాలామందికి నవ్వొస్తుంది, ఇక్కడ సముద్రం ఎక్కడుందన్నా అని. 2022లో జిల్లాలు మార్చాక సూళ్లూరుపేట, తడ, వాకాడు అన్నీ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి, వాటితో పాటే పులికాట్ సరస్సు కూడా. పైన చంద్రగిరి వైపు కొండల్లో పడ్డ వానకీ, కింద వలలో పడే రొయ్యకీ సంబంధం ఉందని మాత్రం జనానికి ఇంకా పట్టలేదు. వానాకాలం వచ్చిందంటే నా చెవిన పడే మాటలు కొన్ని ఇవి.

అపోహ: సముద్రంలో కలిసే నీళ్లన్నీ వృథా.

2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి నది పొంగి ఊళ్లను ముంచినప్పుడు, నష్టం గురించి ఎంత మాట్లాడారో "ఇన్ని నీళ్లు సముద్రం పాలయ్యాయే" అని కూడా అంతే మాట్లాడారు. బోరు ఎండిపోయిన రైతు ఆ మాటంటే నేను తప్పుపట్టను. కానీ ఆ నీళ్లకు కింద పనుంది. తెల్ల రొయ్య, టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. కంటికి సరిగ్గా ఆనని పిల్లలు పోటుతో పాటు లోపలికి వచ్చి, ఉప్పూ మంచినీళ్లూ కలిసిన చోట కొన్ని నెలలు పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. నది మోసుకొచ్చిన ఒండ్రు, కుళ్లిన ఆకూ అలమే వాటి తిండికి మూలం. వాన పడి ఉప్పు ఒక్కసారిగా తగ్గితే, బయటికి పోయే టైమైందని ఎదిగిన రొయ్యకు తెలుస్తుంది. ఆస్ట్రేలియా ఉత్తరాన కార్పెంటేరియా గల్ఫ్‌లో వానలు బాగా పడ్డ ఏడాది రొయ్య ఎక్కువ దొరుకుతుందని ఎప్పుడో లెక్కగట్టారు. ఆ దేశంలోనే తూర్పు తీరాన ఫిట్జ్‌రాయ్ నదిలో బారమండి చేపకీ అదే తేలింది, నది బాగా పారిన ఏళ్లలో పుట్టిన పిల్లలే ఎక్కువగా బతికి పెద్దవవుతాయి. బారమండి అంటే వేరే ఏదో కాదు, మన పండుగప్పే.

అపోహ: ఉప్పునీటి చేప ఉప్పులోనే, మంచినీటి చేప మంచినీళ్లలోనే బతుకుతుంది.

పండుగప్పనే చూడండి. గుడ్లు పెట్టేది సముద్రానికి దగ్గర్లో ఉప్పునీళ్లలో, పిల్లలు మాత్రం ఏరెక్కి మంచినీళ్ల దాకా వస్తాయి. పైగా ఇది ముందు మగదిగా పెరిగి, కొన్నేళ్లయ్యాక ఆడదవుతుంది, అంటే పెద్ద చేపల్ని ఏరి పట్టేస్తే మిగిలేవి ఎక్కువగా మగవే. నీలకంఠ రొయ్యది దీనికి పూర్తిగా తిరుగుడు. ఉండేది మంచినీళ్లలో, గుడ్లు మోసుకుని కిందికి దిగుతుంది, ఎందుకంటే దాని పిల్లలు ఒట్టి మంచినీళ్లలో కొద్ది రోజులకే చస్తాయి. హేచరీల్లో వాటికి లీటరుకు 12 గ్రాముల దాకా ఉప్పున్న నీళ్లు పెట్టేది అందుకే. ఒకటి ఎక్కాలి, ఒకటి దిగాలి, దారి ఒకటే. ఆ దారికి అడ్డంగా బ్యారేజీ కట్టి గేట్లు దించేస్తే రెండూ ఆగిపోతాయి. గోదావరి పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోవడం, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక గంగ ఎగువన అదే చేప దాదాపు కనబడకుండా పోవడం అందరికీ తెలిసిన కథే. వాకాడు దగ్గర స్వర్ణముఖి బ్యారేజీ గురించి మాట్లాడేటప్పుడు ఎకరాల లెక్క వస్తుంది గానీ చేప ఊసు ఎవరూ ఎత్తరు.

అపోహ: పులికాట్ ఉప్పు సరస్సు కదా, ఏడాదంతా ఒకేలా ఉంటుంది.

రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టేంత గొట్టం ఉంటుంది, రొయ్యల రైతులందరి దగ్గరా చూడొచ్చు. అద్దం మీద ఒక చుక్క నీరు వేసి, మూత వేసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసేచోట గీత కనిపిస్తుంది, ఆ గీత ఎదురుగా ఉన్న అంకే లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పో చెబుతుంది. సముద్రం నీళ్లయితే 35 దగ్గర నిలుస్తుంది. ఈశాన్య రుతుపవనాలు గట్టిగా పడ్డప్పుడు కాళంగి నది సరస్సులోకి దిగే వైపు గీత బాగా కిందికి జారిపోతుంది. అదే చోట మే నెలలో, నీళ్లంటూ మిగిలి ఉంటే, సముద్రాన్ని దాటి పైకి పోతుంది. శ్రీహరికోట రోడ్డుకు ఉత్తరాన ఎండాకాలం పోయి చూడండి, నీళ్లు ఉండాల్సిన చోట తెల్లగా ఉప్పు పేరుకున్న నేల కనిపిస్తుంది. ఇంత మార్పును తట్టుకునే రకాలు తక్కువ, తట్టుకోలేనివి సముద్రంలోకి పోవాలి. అందుకు దారి తెరిచి ఉండాలి కదా.

అపోహ: ముఖద్వారం తవ్వేస్తే సమస్య తీరిపోతుంది.

తవ్వొద్దని కాదు, సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు దగ్గర పూడిక తీయాలని మత్స్యకారులు అడగడం నూటికి నూరుపాళ్లు న్యాయం. కానీ మన తీరంలో అలలు ఏటా ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తూనే ఉంటాయి, తవ్విన చోట మళ్లీ మేట వేస్తుంది. ఆ మేటను కోసేది ఆటుపోట్లు, లోపలి నుంచి తన్నుకొచ్చే వరద, రెండూ కలిసి. పై నుంచి వచ్చే నీళ్లు తగ్గిస్తూ పోతే మిషన్లు మళ్లీ మళ్లీ దించాల్సిందే. ఒకసారి తవ్వి రిబ్బన్ కట్ చేస్తే అయిపోయే పని కాదిది.

అపోహ: చేపపిల్లల్ని వదిలితే సరి.

బొచ్చె, శీలావతి పిల్లల్ని చెరువుల్లో వదలండి, మంచిదే. పారే నీళ్లు లేని చెరువులో అవి గుడ్లు పెట్టవు, 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించబట్టే ఇప్పుడు పిల్లలు ఇన్ని దొరుకుతున్నాయి. మే నెల పులికాట్‌లో మాత్రం అవి బతకవు. అక్కడి చేపకు కావలసింది నీళ్లు.

అపోహ: గూడబాతులు చేపలన్నీ తినేస్తున్నాయి.

చేప ఉంటేనే నేలపట్టు పక్షుల కేంద్రానికి పక్షి వస్తుంది. అంతే.

అపోహ: ఎప్పుడు వదిలినా నీళ్లు నీళ్లేగా.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేస్తున్నది ఈ మాటే. అక్టోబరులో మొదటి వానల నీళ్లన్నీ పైన చెరువులు, రిజర్వాయర్లు నింపుకోవడానికి ఆపేస్తాం. తుపాను వచ్చి కట్ట తెగుతుందని టెన్షన్ మొదలయ్యాక గేట్లన్నీ ఒకేసారి ఎత్తుతాం, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు చూశాం కదా. అలా వారాల తరబడి చుక్క రాని చోటికి రాత్రికి రాత్రి వరద వచ్చి పడుతుంది. కదల్లేని గుల్లలు ఉప్పు లేక చస్తాయి. ఎండిన ఏట్లో పేరుకున్న ఊరి మురుగంతా మొదటి నీళ్లతోనే కిందికి దిగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ తిరుగుతాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో గొడవ, మందు లేదు పాడూ లేదు. సూర్యుడు రాకముందే నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది, మురుగు ఉన్న కొద్దిపాటినీ లాగేసింది.

ఎక్కువ నీళ్లేం అడగడం లేదు. మొదటి వానలు పడ్డప్పుడు ఒక్క గేటు కొంచెం ఎత్తి కొన్ని రోజులు సన్నగా వదిలినా రొయ్యపిల్లలు లోపలికి వచ్చే టైముకు ఉప్పు దిగుతుంది. రైతుకు ఇవ్వాల్సిన నీళ్ల షెడ్యూలు రాసే కాగితంలోనే ఈ ఒక్క లైనూ రాయొచ్చు, కొత్తగా కట్టాల్సిందేమీ లేదు.